తాగనివాడికి పిల్లనివ్వని గౌలిపుర

మా బెజవాడ వైపు నుంచి హైదరాబాదు వెళ్ళొచ్చినవాళ్ళు చార్మినారు ఎంత ఎత్తో, గాజుల దుకాణాలు ఎలా మెరుస్తాయో చెబుతారు. ఆ సంగతులు కావలసినవాళ్ళు వాళ్ళనే అడగండి. నేను చార్మినారు పక్కనుంచి పోయిన రోజున తల ఎత్తితే ఎక్కడ కక్కుకుంటానో అని నేలచూపులు చూస్తూ నడిచాను. ఆ ఊరు వెళ్ళింది పెళ్ళి సంబంధం మీద. అక్కడ నేర్చుకున్నది కల్లు తాగడం. నవ్వేవాళ్ళు నవ్వండి. తాగడం నేర్చుకుంటే గాని పెళ్ళి కుదరని మగవాడు మా జిల్లా మొత్తానికి నేనొక్కడినే అయివుంటాను.

స్టేషను

తోడు మా మేనమామ వెంకయ్య వచ్చాడు. మామయ్యకు తెల్ల ఖద్దరు, నుదుట బొట్టు, కల్లు దుకాణాల ముందు జెండా పట్టుకుని నిలబడ్డ చరిత్ర ఉన్నాయి. మద్యం అన్న మాట వింటేనే చెవులు కడుక్కునే మనిషి.

రైలు దిగగానే నిజాం వారి సుంకం ఉద్యోగులు సామాను తనిఖీ మొదలుపెట్టారు. మా ఆవకాయ జాడీ దగ్గర ఆగిపోయారు. అందులో ఏముందని ఒకాయన ఉర్దూలో అడిగాడు. మామయ్యకు ఉర్దూ రాదు, ఆయనకు ఆవకాయ రాదు. చివరికి ఆయన జాడీలో వేలు ముంచి నాలికకు రాసుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా "లేజావో, లేజావో" అని చెయ్యి ఊపాడు. పరాయి రాజ్యంలో మాకు దొరికిన మొదటి మర్యాద అదే. అంటుచెయ్యి పడ్డ జాడీని చూసి మామయ్య దారంతా సణుగుతూనే ఉన్నాడు.

గౌలిపుర

గౌలిపుర పాలవాళ్ళ పేట. సన్నటి సందులు, చిన్న చిన్న ఇళ్ళు, ప్రతి ఇంటి పక్కనా ఒక కొట్టం. ఎండుగడ్డీ పేడా కలిసిన వాసన తగిలేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది. మేమూ పాడి మీద బతికేవాళ్ళమే. మనం గేదె అంటాం, వాళ్ళు బర్రె అంటారు, అంతే తేడా. మన గోంగూర అక్కడ పుంటికూర. జొన్నరొట్టెలో పుంటికూర పెట్టుకుని తిన్నాను. అన్నం ఎప్పుడు వస్తుందా అని మామయ్య చివరిదాకా ఎదురు చూశాడు పాపం.

మేము చూడవచ్చిన పిల్ల పేరు అండాలు. చూడడమేముంది, నేను ముందే చూశాను. క్రితం ఏడు కృష్ణ స్నానానికి వాళ్ళ నాయనమ్మతో వచ్చి మా వసారాలో దిగింది. నేను పాలు పితుకుతుంటే వెనక నిలబడి, "గంత మెల్లగ పిండితే తెల్లారేదాక అయితది" అంది. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ఆ తరవాత ఏడాది పాటు అదే మాట తలుచుకుని నవ్వుకున్నాను. ఈ పిల్లయితేనే చేసుకుంటానని అమ్మతో చెప్పేశాను కూడా.

అండాలుకు తల్లీ తండ్రీ లేరు. ఇంటి పెత్తనం నాయనమ్మ బాలవ్వది. పాల వ్యాపారం అన్న యాదగిరిది. ఇంకొక మనిషి ఉంది, అండాలు అక్క లచ్చమ్మ. మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి వచ్చేసింది. కనుబొమ్మ మీద పెద్ద మచ్చ ఉంది. ఎవరైనా గట్టిగా దగ్గినా ఉలిక్కిపడుతుంది.

బాలవ్వ మమ్మల్ని కూర్చోబెట్టి, క్రితం ఏడు తను చూసి పోయినవే అయినా, మంచిచెడ్డలు అడిగింది. గేదెలెన్ని, పాడి ఎంత, అత్తగారు ఎట్లాంటిది, అన్నీ అయ్యాయి. అప్పుడు మామయ్య గొంతు సవరించుకుని తన ముఖ్యమైన సరుకు బయటపెట్టాడు.

"మా కోటయ్యకు ఏ దురలవాటూ లేదమ్మా. కల్లు చుక్క ముట్టి ఎరగడు."

బాలవ్వ ముఖం మాడిపోయింది. "చుక్క గూడ ముట్టలేదా?"

"లేదమ్మా!"

"అయితే నేను పిల్లనియ్య."

మామయ్య చెవిలో వేలు పెట్టి కెలుక్కున్నాడు. నేను గోడవైపు చూశాను. తలుపు వెనక అండాలు గాజుల చప్పుడు ఆగిపోయింది.

"ఇదెక్కడి చోద్యమమ్మా?" అన్నాడు మామయ్య చివరికి. "లోకంలో తాగుబోతుకు పిల్లనివ్వనంటారు గాని..."

"పెద్దదాన్ని ఇచ్చినప్పుడు గిట్లనే అన్నరు వెంకయ్యా. పిలగాడు బంగారం, చుక్క ముట్టడన్నరు. పెండ్లైనంక ముట్టిండు. ముట్టినంక ఎట్లుంటడో దానికే ఎర్క." ముసలామె లచ్చమ్మ మచ్చ వైపు చెయ్యి చూపింది. "తాగనోడు ఎప్పుడన్న ఒకనాడు తాగుతడు. గప్పుడు ఎట్లుంటడో నాకెట్ల తెలుస్తది? ఐతారం నాడు నా వాకిట్ల కూసొని తాగాలె. నేను సూడాలె. సూసినంక చెప్త."

ఐతారమంటే వాళ్ళ భాషలో ఆదివారం. మామయ్య ఆ సాయంత్రమే తిరుగు రైలు ఎక్కుదామన్నాడు. నేను రానన్నాను. ధైర్యంతో అన్నమాట కాదది. పారిపోవాలని మామయ్య కంటే నాకే ఎక్కువగా ఉంది. ఎందుకో చెబుతాను. మా నాన్న పోయి చాలా కాలమైంది. తాగనప్పుడు చీమకు కూడా అపకారం చేసేవాడు కాదు. తాగితే మాత్రం అమ్మను కొట్టేవాడు. ముక్కూ నడకా చివరికి తుమ్మూ కూడా నాన్న పోలికేరా అని ఊళ్ళో అందరూ నన్ను చూసి మురిసిపోతారు. వాళ్ళు మురిసినప్పుడల్లా అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోతుంది. నేను కల్లు ముట్టకపోవడానికి కారణం మామయ్య జెండా కాదు. ముడితే లోపలనుంచి ఎవరు బయటికొస్తారో అన్న భయం. ఇప్పుడా భయాన్నే నలుగురిలో కూర్చోబెట్టి చూపించమంటోంది ఈ ముసలమ్మ.

పత్తర్‌గట్టి

మర్నాడు పొద్దున యాదగిరి పాలు పొయ్యడానికి వెళ్తూ నన్ను వెంట తీసుకుపోయాడు. పత్తర్‌గట్టి రాతి కమానుల కింద ఒక టీ హోటలు అతని వాడిక. టీ చిక్కగా ఉంటుంది, తియ్యగా ఉంటుంది. సాసర్లో పోసుకుని జుర్రుమని తాగాలి. పక్కన ఉప్పు బిస్కెట్టు. మన కాసులు అక్కడ నేరుగా చెల్లవు, నిజాం వారి సిక్కాలే చెల్లుతాయి. ఆ సంగతి తెలియక నేను జేబులో చెయ్యి పెడితే గల్లా దగ్గరున్న ముసలి సాయిబు, "మెహమాన్ జేబుల చెయ్యి వెట్టొద్దు" అని కసురుతూనే అతిథి మర్యాద చేశాడు.

ఆయన్ను యాదగిరి చాచా అని పిలుస్తాడు. "ఎవర్రా ఈ పిలగాడు?" అన్నాడు చాచా.

"మాకు బావ గావాల్సినోడు చాచా. తాగుడు రాదు, గదే లొల్లి. తాగనోనికి పిల్లనియ్యనంటది మా నాయనమ్మ."

చాచా గడ్డం పట్టుకుని నవ్విన నవ్వుకు గల్లా మీద చిల్లర కదిలింది. "సుభానల్లా! మా తాన తాగెటోన్ని ఎల్లగొడ్తరు. మీ తాన తాగనోన్ని ఎల్లగొడ్తరా!" నవ్వు ఆపి నా ముఖం చూశాడు. ఏం చూశాడో, ఇంకో టీ తెప్పించాడు. "ఫికర్ చెయ్యకు బేటా. బాలవ్వ మనిషిని సూస్తది, గిలాసను సూడది."

మాట చల్లగానే ఉంది. కాని నా భయమల్లా నా లోపలున్న ఆ మనిషి గురించే కదా.

పురానాపూల్ దగ్గర

మొదటి పాఠం బీరుతో మొదలైంది. కోస్తావాడికి కల్లు వాసన పడదని యాదగిరి అనుకున్నాడు. లష్కరులో, అంటే తెల్లవాళ్ళ దండుండే సికింద్రాబాదులో, పనిచేసే డ్రైవరొకడి దగ్గర ఒక సీసా సంపాదించుకొచ్చాడు. ఎండకు అది కాగిపోయి ఉంది. బిరడా పీకేసరికి సగం నురగై నా చొక్కా మీద పడింది. మిగిలిన సగం ఒక గుక్క మింగాను. అబ్బ! చిన్నప్పుడు జ్వరానికి పోసిన క్వినైనుకు నురగ వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. దీన్ని దొరలు సముద్రం దాటించి ఓడల్లో తెప్పించుకుంటారట!

"గిది పనికి రాదు. అయినా అవ్వ సీసాను వాకిట్లకు రానియ్యది" అని యాదగిరి నన్ను పురానాపూల్ దగ్గర కల్లు కాంపౌండుకు తీసుకుపోయాడు.

నేను బిత్తరపోయాను. మన వైపు కల్లు తాగేవాడు తుమ్మచెట్ల చాటున, తలగుడ్డ ముఖానికి కప్పుకుని తాగుతాడు. ఇక్కడ పందిరి కింద పట్టపగలు సంతలా ఉంది. ఆడవాళ్ళు కూడా దర్జాగా కూర్చుని ఉన్నారు. ఒక ముసలామె ముంత చేతబట్టి కోడలి మీద ఫిర్యాదు చెబుతుంటే, పక్కనే కూర్చున్న ఆ కోడలు తన ముంత పట్టుకుని ఊఁ కొడుతోంది! అందరూ మొదటి చుక్కలు నేలమీద వదిలి ఆ తరవాతే నోట పోసుకుంటారు.

నా ముంతలో తెల్లటి నురగ, అందులో రెండు చీమలు. వాసన చూస్తే పులిసిన కుడితి. మందు తాగినట్టు ముక్కు మూసుకుని గటగటా ఎత్తేశాను. ఎంత వేగంగా లోపలికి పోయిందో అంతకు రెట్టింపు వేగంగా బయటికి వచ్చింది. మూసీ గట్టుదాకా పరుగెత్తి అక్కడ వదిలించుకున్నాను. కోడలి మీద ఫిర్యాదు చెబుతున్న ముసలామె అది ఆపి, "అయ్యో బిడ్డా, మీ అమ్మ నీకు తాగుడు గూడ నేర్పలేదా?" అని జాలిపడింది.

ఆ పూటే తిరిగివస్తూ చార్మినారు పక్కనుంచి నేలచూపులతో నడిచింది. ఐతారం రెండు రోజుల్లోకి వచ్చింది. తాగకపోతే పిల్ల దక్కదు. తాగితే ఏమవుతానో తెలియదు. తాగడానికి ప్రయత్నిస్తే కడుపు ఒప్పుకోదు. ఇంత దిక్కుమాలిన స్థితి పగవాడికి కూడా రాకూడదు.

మళ్ళీ అక్కడికే

మర్నాడు యాదగిరి నన్ను పొద్దున్నే లేవదీశాడు. కల్లు పోసే గౌడు మా ముఖాలు చూసి పకపకా నవ్వి, ముందు గుడాలు పెట్టాడు. ఉడికించిన శనగలు, ఉల్లిపాయ, పచ్చిమిరప తాలింపు. ఒక దోసెడు తిన్నాక ముంత ఇచ్చాడు.

"ముక్కు మూసుకోకు. గుటుక్కున మింగకు. నాలిక మీద ఆగనియ్యి, అది నీతోని మాట్లాడుతది. ఇప్పుడే చెట్టు దిగిన ఈతకల్లు, పసిపిల్లకు గూడ పోస్తరు."

ఆగనిచ్చాను. ఓహో! తియ్యగా ఉంది. లేతకొబ్బరి నీళ్ళకు కొంచెం పొగరు వచ్చినట్టు, నాలిక చివర చిటపటలాడింది. ఇదా కల్లు! నిన్న నేను తాగింది మరి ఏమిటి? నిన్నటిదీ ఇదేనట, పొద్దంతా కూర్చుని పులిసిందట. గౌడు గంటకొకసారి కొంచెం కొంచెం పోస్తూ వచ్చాడు. తీపి తగ్గుతూ పులుపు పెరుగుతూ వచ్చింది. మధ్య మధ్య గుడాల కారం. మధ్యాహ్నానికి ఆ పులుపు మీదే నాకు మనసు పుట్టింది. పెరుగు కమ్మగా ఉన్నప్పుడు కంటే కాస్త పులిస్తేనే అన్నంలోకి రుచి అనేవాళ్ళుంటారు చూడండి, నేనూ ఆ జాతివాణ్ణేనని తెలిసింది. చెవుల చివర్లు వెచ్చబడ్డాయి. కాళ్ళు నావో యాదగిరివో తెలియలేదు. కోడళ్ళమీద ఫిర్యాదులు కూడా వినసొంపుగా ఉన్నాయి.

కాని అక్కడితో ఆపేశాను. యాదగిరి ఇంకొంచెం అన్నా ముట్టలేదు. అది దాటితే ఏముందో అని. కల్లు నచ్చింది సరే, నేను నచ్చాలి కదా!

బాలవ్వ వాకిలి

ఐతారం పగటిపూట వాకిట్లో చాప వేశారు. ఇరుగుపొరుగు పెద్దమనుషులు అరుగు మీద కూర్చున్నారు. మామయ్య మూల స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుని రామనామం మొదలుపెట్టాడు. బాలవ్వ ఎదురుగా పీట వేసుకుని, పక్కన బర్రెలు తోలే కట్టె పెట్టుకుని కూర్చుంది. ముంత వెనక ముంత పోయించింది. నాకు అండాలు కిటికీలోంచి చూడడం తెలుసు. మొదటి లొట్టి, అంటే కల్లుకుండ, ఖాళీ కావడం తెలుసు. రెండో లొట్టి మూతి తెరవడం తెలుసు. ఆ తరవాత ఏమీ తెలియదు.

మెలకువ వచ్చేసరికి తెల్లారింది. కొట్టంలో ఎండుగడ్డి మీద పడి ఉన్నాను. ఒక బర్రె నా ముఖం మీద ఊపిరి వదులుతోంది. లేవబోయి చేతిమీద ఆనుకున్నాను, భగ్గుమంది. చూసుకుంటే కుడిచేతి కణుపులు చెక్కుకుపోయి ఎండిన నెత్తురు ఉంది.

ఆ నెత్తురు చూసినప్పటి సంగతి మాటల్లో చెప్పడం నా వల్ల కాదు. నాన్న చెయ్యి కూడా పొద్దున లేచేసరికి ఇలాగే ఉండేది. అప్పుడే లచ్చమ్మ చెంబు పట్టుకుని కొట్టం ముందునుంచి పోయింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నా వైపు చూడలేదు. అయిపోయింది అనుకున్నాను. నేను నాన్న కొడుకునే. మామయ్యను లేపకుండా ఇటునుంచి ఇటే స్టేషనుకు పోదామనుకున్నాను.

యాదగిరి గడ్డి వెయ్యడానికి వచ్చాడు.

"ఎవర్ని కొట్టాను?" అన్నాను.

"ఏంది?"

"ఎవర్ని కొట్టానో చెప్పు యాదగిరీ. అక్కనా?"

యాదగిరి గడ్డిమోపు కింద పడేసి, నా చెయ్యి చూసి, నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. "తలుపు చెక్కను గుద్దుకున్నవు బావా! గుద్దుకొని, తప్పైందని దానికి దండం గూడ వెట్టినవు!"

అప్పుడు చెప్పాడు. నేను బాగా మత్తులో ఉన్నప్పుడు బాలవ్వ భోజనం పెట్టించిందట. లచ్చమ్మ చేతే వడ్డింపజేసిందట. కావాలనే పప్పులో ఉప్పు వెయ్యలేదట. "అక్క మొగడు గట్లనే మొదలువెట్టెటోడు. ఉప్పు లేదని. గందుకే అవ్వ గట్ల పరీక్ష వెట్టింది" అన్నాడు యాదగిరి.

నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయానట. లచ్చమ్మ వణుకుతోంది. బాలవ్వ కట్టె చేతిలోకి తీసుకుంది. నేను లేచి నిలబడ్డానట. అరుగు మీదున్న వాళ్ళంతా లేచారు.

"నువ్వు సక్కగ వంటింట్లకు వోయినవు. తలుపుకు తాకినవు. ఉప్పు కుండ సంకల వెట్టుకొని వచ్చినవు. అక్క ముందల కూసొని, మెల్లగ, ఎవ్వరికి ఇనబడొద్దన్నట్టు ఏమన్నవో ఎర్కేనా? 'భయపడకు, నాన్న వచ్చేలోపల నేను కలిపేస్తాను' అన్నవు."

అది నిజంగా నేను చేసిన పనే. నిన్న కాదు, చిన్నప్పుడు. నాన్న కల్లు దుకాణం నుంచి ఇంటికి వచ్చే వేళకు నేను అమ్మ వండిన గిన్నెలన్నీ రుచి చూసేవాణ్ణి. ఉప్పు తక్కువైతే నాన్న కంచం విసిరేవాడు. అందుకని ముందుగానే కలిపేసేవాణ్ణి. ఆ సంగతి పెద్దయ్యాక మరచేపోయాను. ఇన్నేళ్ళుగా లోపల నాన్న కూర్చున్నాడని భయపడుతూ వచ్చాను. తలుపు తీస్తే బయటికి వచ్చింది ఉప్పు కుండ పట్టుకున్న ఆ పిల్లవాడు. గడ్డిమీద కూర్చుని ఏడ్చాను.

"ఏడ్వకు బావా, ఇంక అయిపోలే" అన్నాడు యాదగిరి. "ఆడితో ఆగినవా? అందరి పళ్ళెంల ఉప్పు పోసినవు. మీ మామ మజ్జిగల పోసినవు. కల్లు లొట్టిల గూడ పోసినవు. అక్క అన్నం తినేదాక లేవనని మొండికేసినవు. అది తిన్నంకనే పడుకున్నవు. పొద్దుగాల సంది అక్క కొంగు అడ్డం వెట్టుకొని నవ్వుతనే ఉన్నది."

బాలవ్వ వచ్చి కొట్టం గుంజకు ఆనుకుని నిలబడింది. "ఏం వెంకయ్యా" అని వాకిట్లో ఉన్న మామయ్యను కేకేసింది, "ఈ పిలగాన్ని మాత్రం ఎన్నడు నా వంటింట్ల అడుగు వెట్టనియ్యద్దు. గంత ఉప్పు బర్రెలు గూడ తినవు." అని ఆగి, "పిల్లనిస్త" అంది.

మా వాళ్ళలో తాంబూలాలు మార్చుకుంటాం. వాళ్ళలో మాట ఖాయమైతే రెండు పక్కల పెద్దలు ఒకే లొట్టిలోది తాగాలి. మా పక్క పెద్ద అంటే మామయ్యే. ఆయన ముంత పట్టుకుని, ఆకాశం వైపు చూసి, పెదవి తడిపాడు. ముఖం చిట్లించాడు. ఇంకోసారి తడిపాడు. "ఫరవాలేదే" అన్నాడు నెమ్మదిగా. ఈ సంగతి ఊళ్ళో చెప్పకూడదని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. వేశాను గాని, రాయకూడదని అనలేదు కదా.

బయలుదేరేముందు అండాలు నాకు అన్నం వడ్డించింది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఉప్పు సరిపోయిందా, ఇంక జర తెమ్మంటవా?"

ఇల్లు

అమ్మకు ఒక అలవాటు ఉంది. నేను పొరుగూరు వెళ్ళి వచ్చినప్పుడల్లా చేతిసంచి అందుకునే నెపంతో దగ్గరికొచ్చి నా ఊపిరి వాసన చూస్తుంది. తను చూస్తున్నట్టు నాకు తెలియదనుకుంటుంది. ఈసారి నేనే ముందు చెప్పేశాను. "తాగానమ్మా. లొట్టెడు తాగాను. నలుగురిలో తాగాను."

అమ్మ చేతిలో సంచి జారిపోయింది. మొత్తం వినేదాకా నిలబడే ఉంది. లచ్చమ్మతో నేనన్న మాట దగ్గరికి వచ్చేసరికి గోడ పట్టుకుని నేలమీద కూర్చుంది.

"నీకు గుర్తుందిట్రా అది?" అంది.

"తాగితే గాని గుర్తు రాలేదమ్మా."

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన వస్తోంది. నేను లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"పోనీరా, పొంగనీ. పెళ్ళికి నాలుగు రోజులు ముందుగా తీసుకుపో నన్ను. నేనా బాలవ్వ పక్కన కూర్చోవాలి. నన్నిచ్చేటప్పుడు మావాళ్ళలో ఒక్కరికైనా ఆయనకు ఉప్పులేని పప్పు పెట్టి చూడాలని తోచలేదు."